స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిప్రెషన్ పరిశోధనలు: ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సైకియాట్రీ ఓపీకి వచ్చే కుటుంబాలతో కూర్చుని మాట్లాడటం నా పని. డాక్టరు గారి ముందు అడగడానికి మొహమాటపడి, మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చాక నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. చాలామంది ఏదో యూట్యూబ్ వీడియో చూసో, వాట్సాప్‌లో చదివో వస్తారు. "పరిశోధనలో తేలిందట కదండీ" అని మొదలుపెడతారు. ఆ పరిశోధనల్లో నిజంగా ఏం తేలింది, మీ ఇంట్లో మనిషికి అది ఎంతవరకు పనికొస్తుంది అన్నదే ఇక్కడ రాశాను. ఇది చదివి మందు మార్చడం, మానేయడం మాత్రం చేయకండి. ఆ మాట మీ డాక్టరుతోనే తేల్చుకోండి.

ఎంఆర్ఐ తీయిస్తే స్కిజోఫ్రీనియా ఉందో లేదో తెలిసిపోతుంది కదా?

తెలియదు. 1976లో ఇంగ్లండ్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం సీటీ స్కాన్‌లు తీసింది. చాలా ఏళ్లుగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల మెదడులో ద్రవం నిండి ఉండే ఖాళీలు మామూలు వాళ్లకంటే పెద్దవిగా కనిపించాయి. ఆ తర్వాత వచ్చిన ఎన్నో స్కాన్ అధ్యయనాలు అదే చెప్పాయి. కానీ అది గుంపుల సగటులో కనిపించే తేడా. రోగం ఉన్నవాళ్లలో చాలామందికి స్కాన్ మామూలుగానే ఉంటుంది, ఏ రోగమూ లేనివాళ్లలో కొందరికి తేడాగా ఉంటుంది. కాబట్టి ఒక మనిషి స్కాన్ చూసి పేరు పెట్టడం కుదరదు.

మరి డాక్టర్లు స్కాన్ ఎందుకు రాస్తారంటే, వేరే కారణం లేదని నిర్ధారించుకోవడానికి. 2007లో జోసెఫ్ డాల్మావ్ బృందం ఒక రకం మెదడు వాపును గుర్తించింది. ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే మెదడులోని ఎన్ఎండీఏ రిసెప్టర్ల (నాడీకణాల మీద సంకేతాలు అందుకునే భాగాల) మీద పడతాయి. అప్పటిదాకా బాగున్న అమ్మాయి వారం పది రోజుల్లో వింతగా మాట్లాడుతుంది, అనుమానాలు పడుతుంది, తర్వాత ఫిట్స్ వస్తాయి. చూడటానికి అచ్చం సైకోసిస్‌లా (లేనివి వినిపించడం, లేనివి నిజమని నమ్మడం) ఉంటుంది, చికిత్స మాత్రం పూర్తిగా వేరు. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు కూడా మనిషిని ఇలా మార్చేయగలవు. రక్త పరీక్షలు రాస్తే దండగ ఖర్చు అనుకోవద్దు.

ఒక డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నారు, ఇంకొకరు బైపోలార్ అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

ఈ గొడవ మీ ఇంట్లో పుట్టింది కాదు. 1899లో జర్మన్ డాక్టరు ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ రెంటినీ వేరు చేశాడు. ఒకటి క్రమంగా మనిషిని కుంగదీసేది, రెండోది విపరీతమైన హుషారు, దిగులు రూపంలో వచ్చిపోతూ మధ్యలో మనిషిని మామూలుగా ఉంచేది. స్విట్జర్లాండ్‌కు చెందిన యూజెన్ బ్లాయిలర్ 1908లో మొదటిదానికి స్కిజోఫ్రీనియా అన్న పేరు పెట్టాడు. గీత గీయడం సులువే, మనుషులు ఆ గీతకు అటూ ఇటూ సరిగ్గా నిలబడరు.

1960ల చివర్లో న్యూయార్క్, లండన్ డాక్టర్ల నిర్ధారణలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే రకం లక్షణాలున్న రోగులకు న్యూయార్క్‌లో స్కిజోఫ్రీనియా అని ఎక్కువగా రాస్తుంటే, లండన్‌లో మూడ్ డిజార్డర్ (బైపోలార్, డిప్రెషన్ లాంటివి) అని రాస్తున్నారు. తేడా రోగుల్లో కంటే డాక్టర్ల అలవాట్లలోనే ఎక్కువగా ఉందని తేలింది. 1980లో అమెరికాలో లక్షణాలను వరసగా లెక్కగట్టి రోగం పేరు పెట్టే పద్ధతి రావడానికి ఇలాంటి అధ్యయనాలు ఒక కారణం. ఇప్పుడు జన్యు పరిశోధనలు కూడా ఈ రెండు రోగాలకూ ఉమ్మడి మూలాలు చాలా ఉన్నాయనే చెబుతున్నాయి. కాబట్టి మొదటి ఏడాది రెండేళ్లలో పేరు మారితే ఎవరో ఒకరు మోసం చేశారని అర్థం కాదు. పాత చీటీలన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ఎప్పుడు నిద్ర తగ్గింది, ఎప్పుడు హుషారు ఎక్కువైంది, మాటలు వినిపించినప్పుడు మూడ్ ఎలా ఉంది అన్నవి రాసిపెట్టండి. నిర్ధారణకు స్కాన్ కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరిశోధనలో "లక్షణాలు 20 పాయింట్లు తగ్గాయి" అంటారు. భ్రమలకు పాయింట్లేమిటి?

స్కిజోఫ్రీనియా ట్రయల్స్‌లో, అంటే మందును రోగులకు ఇచ్చి పరీక్షించే అధ్యయనాల్లో, ఎక్కువగా వాడే కొలత పేరు పాన్స్. అందులో 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. అంటే ఏ లక్షణమూ లేనివాళ్లకు కూడా 30 వస్తాయి. శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుని అరగంటకు పైగా మాట్లాడతాడు. ఎవరైనా మిమ్మల్ని గమనిస్తున్నారనిపిస్తుందా, టీవీలో మీ గురించి చెబుతున్నట్టు ఉంటుందా అని అడుగుతాడు. మధ్యలో సామెతలు కూడా అడుగుతారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటే ఏమిటి అంటే, "బురదలో నడిస్తే కాళ్లు మురికవుతాయి" అని మాత్రమే చెబితే ఆలోచన పైపైనే ఆగుతోందేమోనని ఒక మార్కు పెరగొచ్చు. బస్సుకీ రైలుకీ పోలికేమిటి లాంటి ప్రశ్నలూ ఉంటాయి. ఇంట్లోవాళ్లను, నర్సును అడిగి కొన్ని అంశాలు నింపుతారు.

డిప్రెషన్‌కు హామిల్టన్ స్కేల్ అని 1960 నుంచి ఉంది. ఈ కొలతలు పనికిమాలినవి కావు. కాకపోతే ఇరవై పాయింట్లు తగ్గినా కుర్రాడు ఇంకా గదిలోంచి బయటికి రాకపోవచ్చు. పేపర్లో పాయింట్లు చదివినప్పుడు, ఆ మనుషులు మళ్లీ పనికి వెళ్లారా, స్నేహితులతో మాట్లాడుతున్నారా అన్నది కొలిచారో లేదో చూడండి.

ఇది వంశపారంపర్యమా? మా పిల్లలకు వస్తుందా?

వంశంతో సంబంధం ఉంది. కానీ చాలామంది భయపడినంత లేదు. మామూలు జనంలో స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం నూటికి ఒకటి, అంతకంటే కొంచెం తక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం అధ్యయనాన్ని బట్టి నూటికి 7 నుంచి 13. అంటే నూరు మందిలో దాదాపు తొంభై మందికి రాదు. ఇద్దరికీ ఉంటే పాతిక శాతం దాటుతుంది.

2018లో డెన్మార్క్ కవలల రికార్డులు తీసి చూస్తే, ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నప్పుడు రెండోవారికి ఉన్నది మూడింట ఒక వంతులోనే. వాళ్లిద్దరి జన్యువులూ దాదాపు ఒకటే. అయినా మిగతా రెండు వంతుల కవలల్లో రెండోవారికి ఆ రోగం లేదు. అదే అధ్యయనం వంశపారంపర్య వాటా 79 శాతం అని కూడా లెక్కగట్టింది. ఈ రెండు అంకెలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి కానీ పొసగుతాయి. 79 శాతం అన్నది మనుషులకూ మనుషులకూ మధ్య ఉన్న తేడాలో జన్యువుల వాటా. మీ అబ్బాయికి రోగం వచ్చే అవకాశం 79 శాతం అని దాని అర్థం కాదు. ఈ ఒక్క ముక్క అర్థం కాక పెళ్లి సంబంధాలు చెడగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఏ జన్యువులు అంటే, ఒకటీ రెండూ కాదు. 2022లో అంతర్జాతీయ సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్టియం 76,755 మంది స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను, 2,43,649 మంది లేనివాళ్లను పోల్చి జన్యుపటంలో 287 చోట్ల తేడాలు చూపించింది. ఒక్కో తేడా ప్రభావం చాలా చిన్నది, చాలావరకు మనందరిలోనూ కొన్ని ఉంటాయి. 2016లో హార్వర్డ్ పరిశోధకులు సీ4 అనే రోగనిరోధక జన్యువు రకాలకూ ఈ రోగానికీ లంకె చూపించారు. టీనేజిలో మెదడు తనకు అక్కర్లేని కనెక్షన్లను కత్తిరించుకుంటుంది. ఆ పని మితిమీరి జరుగుతోందేమో అన్నది వాళ్ల ఊహ. రోగం ఆ వయసు తర్వాతే ఎందుకు బయటపడుతుంది అన్న ప్రశ్నకు ఇది ఒక దారి చూపింది. అక్కడి నుంచి మందు దాకా ఇంకా చాలా దూరం ఉంది.

ఇంతటి లెక్కల్లో యూరప్ మూలాల వాళ్లదే పెద్ద వాటా. మనవాళ్లు చాలా తక్కువ. బెంగళూరులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య సంస్థ, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ పరిశోధన కేంద్రాలు కలిసి నడుపుతున్న పరిశోధనలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఇలాంటి రోగాలున్న కుటుంబాలను చేర్చుకుంటున్నారు. వాళ్ల రక్తకణాల నుంచి మూలకణాలు తయారుచేసి, వాటిని నాడీకణాలుగా పెంచి చూస్తున్నారు. ఇలాంటి పని మన దగ్గర ఇంకా చాలా జరగాలి.

మేనరికం చేసుకున్నందుకే వచ్చిందని అత్తగారు అంటున్నారు.

అలా ఒక్క కారణం మీద తోసేయలేం. మేనరికాల వల్ల ఎక్కువగా పెరిగేవి ఒకే జన్యువు లోపంతో వచ్చే రోగాలు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వందల జన్యువులు కలిసి చేసే పని, వీటి మీద మేనరికం ప్రభావం గురించి వచ్చిన అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. అయితే రెండు వైపులా ఒకే కుటుంబం, ఆ కుటుంబంలో ఈ రోగం ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి ఉంటే, రిస్కు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటి ఇంట్లో పెళ్లికి ముందే డాక్టరును అడగడం మంచిది. అయిపోయిన పెళ్లి గురించి కోడల్ని సాధించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

జీన్ టెస్ట్ చేయిస్తే ముందే తెలుస్తుందా?

ప్రస్తుతం ఒక మనిషికి వస్తుందో రాదో చెప్పగల టెస్ట్ లేదు. ఒక మినహాయింపు: 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేకపోతే, అలాంటివాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తుంది. గుండె లోపం, అంగిలి చీలిక, చదువులో వెనకబాటు లాంటివి కూడా ఉన్న పిల్లల్లో డాక్టరు ఆ పరీక్ష రాయవచ్చు. మిగతావాళ్లు వేలకు వేలు పోసి ఆన్‌లైన్ కిట్‌లు కొనక్కర్లేదు.

మా పెంపకంలో తప్పు జరిగిందా?

లేదు. 1948లో ఒక సైకియాట్రిస్టు తల్లి ప్రవర్తనే స్కిజోఫ్రీనియా తెప్పిస్తుందన్న మాట వాడారు, అది కొన్ని దశాబ్దాల పాటు తల్లుల మెడకు చుట్టుకుంది. ఏ పరిశోధనా దాన్ని నిలబెట్టలేదు.

అయితే రోగం వచ్చాక ఇంటి వాతావరణం పనిచేస్తుంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ 1950ల నుంచి, డిశ్చార్జ్ అయి ఇంటికెళ్లినవాళ్లను గమనిస్తూ వచ్చాడు. ఎప్పుడూ తప్పులు పట్టే ఇళ్లలో, కోపంగా మాట్లాడే ఇళ్లలో, క్షణం వదలకుండా మనిషి మీద పడిపోయే ఇళ్లలో రోగం ఎక్కువసార్లు తిరగబెట్టింది. వారానికి 35 గంటలకు మించి అలాంటివాళ్లతో ఎదురెదురుగా గడిపేవాళ్లకు మరీ ఎక్కువ. చండీగఢ్‌లో ఎన్.ఎన్. విగ్ బృందం ఇదే కొలతతో చూస్తే, లండన్ కంటే చాలా తక్కువ ఇళ్లలో ఆ వాతావరణం కనిపించింది, పల్లెల్లో ఇంకా తక్కువ.

ఆచరణలో దీని అర్థం చిన్నది. "ఎప్పుడూ పడుకునే ఉంటావు, పక్కింటి రమేష్ చూడు అమెరికా వెళ్లాడు" అన్న మాట ఒక రోగలక్షణాన్ని బద్ధకం అని తిట్టడమే. అతను లేవలేకపోవడం రోగంలో భాగం కావచ్చు, మందు మత్తు కావచ్చు. "పది గంటలకు కలిసి టీ తాగుదాం, లేపనా?" అని అడగండి.

గంజాయి తాగడం వల్లేనా?

గంజాయి ఒక్కటే కారణమని చెప్పలేం, కానీ దాని పాత్ర తోసేయలేనిది. 1987లో వచ్చిన ఒక అధ్యయనం కోసం స్వీడన్ సైన్యంలో చేరిన 45 వేల మందికి పైగా కుర్రాళ్ల రికార్డులు చూశారు. 18 ఏళ్లకే 50 సార్లకు మించి వాడామని చెప్పినవాళ్లలో స్కిజోఫ్రీనియా అసలు వాడనివాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ. రోగం మొదలవుతున్నవాళ్లే గంజాయి వైపు వెళ్తున్నారేమో అన్న వాదన ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా కొంత సంబంధం మిగిలింది. ఇంట్లో ఒకరికి సైకోసిస్ ఉంటే తమ్ముళ్లు, చెల్లెళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గుడిలో కొన్నాళ్లు ఉంచితే తగ్గింది. మందులెందుకు?

ఈ ప్రశ్నను నవ్వి తోసేసే డాక్టర్లు ఉన్నారు. నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. రఘురామ్ బృందం మాత్రం తోసేయలేదు. తమిళనాడులో ముత్తుస్వామి గుడి ఒకటుంది, తీవ్ర మానసిక రోగాలున్నవాళ్లు వచ్చి అక్కడే ఉంటారు. అలా వచ్చిన 31 మందిని వాళ్లు ముందూ తర్వాతా పరీక్షించారు. సగటున ఆరు వారాలు ఉన్నారు, లక్షణాల మార్కులు దాదాపు 20 శాతం తగ్గాయి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.  కుటుంబం పక్కనే ఉంటుంది, గుడిలో చిన్న చిన్న పనులు చేస్తారు, ఎవరూ వెలివేయరు.

అందులో పోల్చడానికి రెండో గుంపు లేదు, తర్వాత ఎన్నాళ్లు బాగున్నారో తెలియదు. దాన్నిబట్టి మందులు అక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. మరోవైపు అదే తమిళనాడులో ఏర్వాడిలో 2001 ఆగస్టులో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టేయకూడదు. గుడికి వెళ్లండి, మొక్కు తీర్చుకోండి, మాత్రల డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లండి.

ఈ మందులు అసలు ఎలా పుట్టాయి?

చాలావరకు వేరేదో వెతుకుతుంటే దొరికాయి. క్లోర్‌ప్రోమజీన్ ఫ్రాన్స్‌లో 1950 చివర్లో తయారైంది. ఆపరేషన్‌కు ముందు రోగిని స్థిమితపరచడానికి హెన్రీ లబోరీ అనే సర్జన్ వాడి చూసి, దీన్ని మానసిక రోగులకు ఇవ్వండని చెప్పాడు. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో డెలే, డెనికర్ ఇచ్చి చూశారు. మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని ఇది అడ్డుకుంటుందన్న వివరణ తర్వాత ఎప్పుడో వచ్చింది.

లిథియం కథ ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు యూరిక్ యాసిడ్ గురించి ఏదో సిద్ధాంతం పెట్టుకుని, అది నీళ్లలో కరగడానికి లిథియం కలిపి గినీ పందులకు ఎక్కించాడు. అవి మెత్తబడ్డాయి. బహుశా విషప్రభావం వల్లే కావచ్చు. సిద్ధాంతం తప్పు. కానీ 1949లో ఆయన మేనియా (నిద్ర లేకుండా, అదుపు తప్పిన హుషారు) ఉన్న పదిమందికి ఇచ్చిన ఫలితాలు నిజమయ్యాయి. మొదట బాగుపడిన రోగే తర్వాత లిథియం ఎక్కువై చనిపోయాడు, అప్పటికి రక్తంలో మోతాదు కొలిచే అలవాటు లేదు. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో పద్ధతిగా ట్రయల్ చేశాడు. అమెరికా ఆమోదించింది 1970లో.

లిథియం వాడుతున్నాం. మాటిమాటికీ రక్త పరీక్ష ఎందుకు?

పైన చెప్పిన ఆ రోగి లాంటివాళ్ల వల్లే. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: మాత్ర మింగి ల్యాబ్‌కు వెళ్తారు, రిపోర్టులో అంకె ఎక్కువ వస్తుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మన ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. చెమట పట్టి నీళ్లు, ఉప్పు తగ్గితే లిథియం రక్తంలో పెరుగుతుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా పెంచుతాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకండి.

ఆత్మహత్యలను తగ్గిస్తుందన్న పేరు లిథియంకు ఉంది. పాత ట్రయల్స్ కలిపి చూస్తే అలాగే కనిపిస్తుంది. అమెరికా మాజీ సైనికుల మీద ఇటీవల చేసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం తేడా కనిపించలేదు. అయినా మూడ్ అదుపులో ఉంచడంలో దీనికి దీటైన మందులు తక్కువే.

కొత్త, ఖరీదైన మందులు పాతవాటికంటే మంచివా?

అమెరికాలో కేటీ అనే ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. 1,493 మంది స్కిజోఫ్రీనియా రోగులకు నాలుగు కొత్త మందులు, ఒక పాత మందు ఇచ్చి చూశారు. 18 నెలలు పూర్తికాకముందే 74 శాతం మంది మొదట ఇచ్చిన మందు ఆపేశారు, పనిచేయకనో, పడకనో. పాత మందు పర్ఫెనజీన్ కొత్తవాటిలో చాలావాటికి సమానంగానే నిలబడింది. ఒలాన్జపిన్ కాస్త మెరుగనిపించింది కానీ బరువు, షుగర్ కూడా అదే ఎక్కువ పెంచింది. ఖరీదును బట్టి మందు గొప్పదనుకోవడానికి లేదు. ఎవరికి ఏ మందు పడుతుందో ముందే చెప్పే పద్ధతి ఇంకా రాలేదు, కాబట్టి రెండు మూడు మార్చి చూడటం డాక్టరు చేతకానితనం కాదు.

బరువును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే సగటున పదిహేనేళ్ల దాకా తక్కువ బతుకుతున్నారు. అందులో గుండె జబ్బులది పెద్ద వాటా. నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూడమని మీరే గుర్తుచేయండి.

ఏ మందూ పనిచేయలేదు. క్లోజాపిన్ అంటున్నారు, ప్రమాదమట?

1975లో ఫిన్లండ్‌లో క్లోజాపిన్ వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి చనిపోవడంతో చాలా దేశాల్లో ఆపేశారు. 1988లో జాన్ కేన్ బృందం ఇతర మందులకు లొంగని 268 మందిని తీసుకుంది. ఆరు వారాల్లో క్లోజాపిన్‌తో 30 శాతం, క్లోర్‌ప్రోమజీన్‌తో 4 శాతం మంది మెరుగయ్యారు. దాంతో మళ్లీ వచ్చింది, రక్త పరీక్షల షరతుతో. ఆ ప్రమాదం నూటికి ఒకరికంటే తక్కువమందిలో, ఎక్కువగా మొదటి నెలల్లో వస్తుంది. జ్వరం, గొంతు నొప్పి వస్తే వెంటనే రక్తం చూపించాలి. ఎవరూ పెద్దగా చెప్పనిది ఇంకోటుంది: మలబద్ధకం. ఈ మందుతో అది ప్రాణాల మీదికి కూడా తేవచ్చు. రోజూ అడగండి, సిగ్గుపడే విషయం కాదు.

నా అభిప్రాయంలో మన దగ్గర క్లోజాపిన్ మొదలుపెట్టడమే ఆలస్యం చేస్తున్నారు. రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా తగ్గకపోతే దీని గురించి మీరే అడగండి.

బాగానే ఉన్నాడు. మందులు ఆపేయొచ్చా?

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. 2012లో 65 ట్రయల్స్ కలిపి చూస్తే, ఏడాదిలోపు రోగం తిరగబెట్టింది మందు వాడుతున్నవాళ్లలో 27 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 64 శాతం. తేడా చాలా పెద్దది. అయితే ఆ రెండో గుంపులో మూడో వంతు మంది ఏడాది పాటు బాగానే ఉన్నారన్నదీ నిజమే. వాళ్లెవరో ముందే గుర్తుపట్టలేకపోవడమే చిక్కు.

2013లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనం సంచలనమైంది. మొదటిసారి సైకోసిస్ వచ్చి తగ్గిన 103 మందిని ఏడేళ్ల తర్వాత చూస్తే, మొదట్లో మోతాదు తగ్గించినవాళ్లే పనిలో, జీవితంలో ఎక్కువగా కుదురుకున్నారు. ఈ వార్త చదివి మందులు పారేసినవాళ్లు ఉన్నారు. పదేళ్ల తర్వాత, 2023లో బ్రిటన్‌లో 253 మందితో జరిగిన రాడార్ ట్రయల్‌లో మెల్లమెల్లగా తగ్గించినా రెండేళ్లకు జీవనంలో మెరుగు కనిపించలేదు, తిరగబెట్టడం మాత్రం పెరిగింది. ఆ రెండింట్లోనూ మోతాదు తగ్గించింది డాక్టర్ల పర్యవేక్షణలో, నెలల తరబడి. సంక్రాంతికి ఊరెళ్లి మాత్రలు మర్చిపోవడం లాంటిది కాదు.

డిప్రెషన్ మందులు వట్టివే అని తేలిందట, సెరోటోనిన్ కథ అబద్ధమట?

రెండు వేర్వేరు విషయాలు ఇక్కడ కలిసిపోయాయి. 2022లో వచ్చిన ఒక సమీక్ష, మెదడులో సెరోటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనడానికి గట్టి ఆధారం లేదంది. పరిశోధకుల్లో చాలామంది ఆ సంగతి ముందే అనుకుంటున్నారు. మందు పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2018లో 522 ట్రయల్స్, లక్షా పదహారు వేలకు పైగా మనుషుల లెక్క తీస్తే 21 మందులూ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగే, కాకపోతే ఆ మెరుగు సగటున ఓ మోస్తరుది.

అమెరికాలో స్టార్‌డీ అనే పెద్ద అధ్యయనంలో దాదాపు 4,000 మందికి ఒక మందు తర్వాత ఒకటి ఇచ్చి చూశారు. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది మూడింట ఒక వంతు. నాలుగు దశలు కలిపితే 67 శాతం అని మొదట ప్రకటించారు. 2023లో వేరేవాళ్లు అదే డేటాను మళ్లీ లెక్కగట్టి 35 శాతమే అన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఒకటి గుర్తుపెట్టుకోండి: డిప్రెషన్‌తో వచ్చిన మనిషికి గతంలో నిద్ర లేకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టి, గొప్పలు మాట్లాడిన రోజులు ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అది బైపోలార్ అయితే ఉత్త డిప్రెషన్ మందు మనిషిని మేనియాలోకి నెట్టవచ్చు.

కరెంట్ షాక్ ఇంకా ఇస్తున్నారా?

ఇస్తున్నారు, సినిమాల్లో చూపించినట్టు కాదు. 1938లో రోమ్‌లో మొదలైంది. ఇప్పుడు మత్తు, కండరాలు సడలే మందు ఇచ్చాకే చేయాలి. అవి లేకుండా ఇవ్వడం మన 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. తిండి మానేసి, ఆత్మహత్య ఆలోచనల్లో కూరుకుపోయిన తీవ్ర డిప్రెషన్‌లో త్వరగా, బాగా పనిచేసే చికిత్సల్లో ఇదొకటి. ఆ వారాల జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోవచ్చు, కొందరిలో అవి తిరిగి రావు. సంతకం పెట్టే ముందు ఆ మాట అడగండి.

2024లో స్కిజోఫ్రీనియాకు పూర్తిగా కొత్త మందు వచ్చిందట?

నిజమే. జనోమెలిన్, ట్రోస్పియం కలిపిన గుళికను 2024 సెప్టెంబరులో అమెరికా ఆమోదించింది. పాత మందుల్లా డోపమిన్ రిసెప్టర్‌ను అడ్డుకోకుండా, మస్కారినిక్ అనే వేరే రిసెప్టర్ల ద్వారా పనిచేయడం దీని కొత్తదనం. జనోమెలిన్‌ను 1990ల్లో అల్జీమర్స్ కోసం పరీక్షించారు, కడుపులో తిప్పడం భరించలేక పక్కన పెట్టారు. మెదడులోకి వెళ్లని ట్రోస్పియం జత చేసి, మిగతా ఒంట్లో దాని ప్రభావాన్ని అడ్డుకున్నారు. తెలివైన పని. కానీ ఆమోదానికి ఆధారమైన ట్రయల్స్ ఐదు వారాలవి, ఆసుపత్రిలో ఉంచి చేసినవి. అప్పటికే వాడుతున్న మందుకు తోడుగా ఇచ్చి చూసిన 2025 ట్రయల్‌లో గట్టి తేడా రాలేదు. ఇదే దారిలో వచ్చిన ఎమ్రాక్లిడిన్ 2024 నవంబరులో విఫలమైంది. విదేశాల నుంచి తెప్పించడానికి అప్పు చేసేంత ఆధారం ఇంకా లేదని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ రోగం తొందరగా తగ్గుతుందని విన్నాం.

1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో 1,202 మందితో అధ్యయనం మొదలుపెట్టింది, మన దేశం నుంచి ఆగ్రా ఉంది. ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్‌లో రోగులు లండన్, వాషింగ్టన్ కంటే బాగా కోలుకున్నట్టు కనిపించింది. ఉమ్మడి కుటుంబమా, పొలం పనులా అని చాలా చర్చ జరిగింది. తర్వాత పరిశోధకులు ఇది అంత సూటిగా లేదని, దేశానికీ దేశానికీ మధ్య, చికిత్స అందినవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య తేడాలు చాలా ఉన్నాయని ఎత్తిచూపారు. చెన్నైలో 1981లో మొదలుపెట్టి, మొదటిసారి రోగం వచ్చిన 90 మందిని స్కార్ఫ్ సంస్థకు చెందిన ఆర్. తార బృందం పాతికేళ్లకు పైగా వెంబడించింది. అందరి దారీ ఒకటి కాదని, చాలామంది ఉద్యోగాల్లో, సంసారాల్లో కొనసాగారని అది చూపించింది. కొందరు పూర్తిగా తేరుకోలేదు కూడా.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడేమో?

పెళ్లి చికిత్స అని ఏ పరిశోధనా చెప్పలేదు. దాచిపెట్టి చేస్తే ఎక్కువగా నలిగేది ఆడపిల్లే. చెన్నైలోనే, స్కిజోఫ్రీనియా వల్ల భర్తలు వదిలేసిన మహిళల మీద ఒక అధ్యయనం జరిగింది. ఎక్కువమంది ముసలి తల్లిదండ్రుల దగ్గరే మిగిలిపోయారు. అవతలివాళ్లకు రోగం పేరు, మందుల పేరు చెప్పి, కావాలంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాట్లాడించి చేసిన పెళ్లిళ్లు నిలబడ్డవి నేను చూశాను.

మావాణ్ణి ట్రయల్‌లో చేర్చమంటున్నారు. చేర్చాలా?

చేరాలా వద్దా అన్నది ముందు అతని ఇష్టం, తర్వాత మీది. 2017 చట్టం ప్రకారం మానసిక రోగి మీద పరిశోధనకు ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం ఉండాలి. ఇవ్వలేని స్థితిలో ఉంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఎప్పుడైనా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు చికిత్స ఆపకూడదు.

అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామనండి. ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఎంత, ఇప్పుడు వాడుతున్న మందు ఆపుతారా, మధ్యలో రోగం ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలి, ట్రయల్ అయ్యాక మందు ఎవరిస్తారు, ఏదైనా హాని జరిగితే పరిహారం ఎవరిది అని అడగండి. మన దేశంలో 2009 నుంచి ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఆ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. నంబరు చెప్పడానికి తడబడితే ఇంటికి వచ్చేయండి.

మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి పరిశోధనలు జరిగాయా?

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ పన్నెండులో లేవు. అందుకే మన జిల్లాల గురించి ఎవరైనా ఆ సర్వే పేరుతో ఖచ్చితమైన అంకె చెబితే అనుమానించాలి.

చెప్పుకోదగ్గ పని ఒకటి పశ్చిమ గోదావరిలో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఊళ్లలోని ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం నేర్పారు. ఎవరికి ప్రమాదం ఎక్కువ అనిపిస్తే వాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు చూపించేవారు. తర్వాత ఆంధ్ర, హర్యానాల్లో కలిపి 44 పీహెచ్‌సీలతో పెద్ద ట్రయల్ చేశారు. డిప్రెషన్ మార్కులు తగ్గాయి. రోగం ఉన్నవాళ్లను పట్నం ఆసుపత్రి దాకా నడిపించడం కంటే, రోజూ గుమ్మంలోకి వచ్చే మనిషితో మొదలుపెట్టడం ఎక్కువ పనిచేస్తుందని నాకనిపిస్తుంది.

రాత్రిపూట పరిస్థితి చేయి దాటితే ఎవరిని అడగాలి?

టెలీమానస్, 14416. ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయండి. మాత్రల డబ్బా, చివరి చీటీ వెంట తీసుకెళ్లండి.